స్వర్గం అందింది, ఉట్టి అందలేదు: జార్జియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ గారికి బహిరంగ లేఖ

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఎన్నికలు చూసుకునే సెక్రటరీ ఆఫ్ స్టేట్ గారికి,

నమస్కారం. ఫోర్సైత్ కౌంటీలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఓటు హక్కు వచ్చి నాలుగేళ్లయింది. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో రాయడానికి కారణం మా వాళ్లే. కమ్మింగ్, ఆల్ఫారెట్టా, జాన్స్ క్రీక్‌లలో మా ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మా దీపావళి సభలకు రెండు పార్టీల నాయకులూ వచ్చి జ్యోతి వెలిగించి వెళ్తుంటారు. అయినా అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) సీటు బ్యాలెట్ మీద మూడో పేరు ఎందుకు కనిపించదో మాలో చాలామందికి తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు.

తెలిసింది ఒక కిరాణా దుకాణం ముందు. మా అబ్బాయికి సాకర్ నేర్పే ఆయన రెండు పెద్ద పార్టీలకు బయట ఉన్న లిబర్టేరియన్ పార్టీ తరఫున కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభకు నిలబడాలనుకున్నారు. బ్యాలెట్ మీద పేరు రావాలంటే ముందు ఓటర్ల సంతకాలు కావాలి. ఆయన చెప్పేవాటిలో సగం నాకు రుచించవు. అయినా మంచి మనిషి, ఒక్క శనివారం సంతకాలు పట్టిపెట్టమని అడిగితే కాదనలేకపోయాను. అట్టకు కాగితాలు తగిలించుకుని, కరివేపాకు కట్టలతో, బియ్యం బస్తాలతో బయటికొచ్చే మన వాళ్లను ఆపడం మొదలుపెట్టాను.

రెండు గంటల్లో నలభై ఒక్క మంది ఆగారు. ఎక్కువమంది హెచ్‌1బీ వాళ్లు, కొందరు గ్రీన్‌కార్డు వాళ్లు. కూతురి పురుడుకు గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు అడక్కుండానే కలం అందుకున్నారు. "మీకిక్కడ ఓటు లేదు పిన్నిగారూ" అంటే, "సంతకానికి కూడా ఓటుండాలా నాయనా!" అని నవ్వి తిరిగి ఇచ్చేశారు. ఓటున్నవాళ్లు తొమ్మిది మంది తేలారు. అందులో ఇద్దరి ఇళ్లు పక్క నియోజకవర్గంలో ఉన్నాయి. ఒకాయనది ఫుల్టన్ కౌంటీ, ఆయన్ను ఫోర్సైత్ కాగితం మీద సంతకం పెట్టనిచ్చాను. ఏ కౌంటీ వాళ్లకు ఆ కౌంటీ కాగితం వేరుగా ఉండాలని తర్వాత తెలిసింది. మిగిలినవి ఆరు. ఏడోది సంపాదించేలోపు దుకాణం మేనేజరు వచ్చి, ఇది ప్రైవేటు స్థలం, కదలమన్నాడు. ఆ ఆరు సంతకాల కోసం నోటరీ దగ్గరికి వెళ్లి నేను ప్రమాణం కూడా చేశాను.

ఇక లెక్క చూడండి. చట్టం అడిగేది ఆ నియోజకవర్గంలో నమోదైన ఓటర్లలో 5 శాతం. అంటే నియోజకవర్గాన్ని బట్టి సుమారు 20 వేల నుంచి 26 వేల పైచిలుకు చెల్లుబాటయ్యే సంతకాలు. గడువు 180 రోజులు. 26 వేలనుకుంటే రోజుకు 140కి పైగా, అదీ ఆదివారాలు, వానలు, మేనేజర్లు అన్నీ కలుపుకుని. వీటితోపాటు 5,220 డాలర్ల రుసుము ఉండనే ఉంది. రిపబ్లికన్, డెమోక్రాట్ అభ్యర్థులు ఆ రుసుము కట్టి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తమ ప్రాథమిక ఎన్నికలోకి నేరుగా వెళ్తారు, వాళ్లకు సంతకాల ఊసే లేదు. మా కోచ్ ఏప్రిల్ చివరకే చాలించుకున్నారు.

అసలు వింత ఇంకొకటుంది. ఇదే పార్టీ జార్జియా గవర్నరు పదవికీ అమెరికా సెనేటుకీ ఒక్క సంతకం లేకుండా పోటీ చేయగలదు. రాష్ట్రవ్యాప్త ఎన్నికల్లో ఓటర్ల సంఖ్యలో 1 శాతం ఓట్లు తెచ్చుకుంటూ 1988 నుంచి ఆ అర్హత నిలుపుకుంటోంది. 2022లో ఆ పార్టీ అభ్యర్థి ఛేజ్ ఆలివర్ సెనేటుకు నిలబడి 80 వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురునా అని మా సామెత. మీ చట్టం దాన్ని తలకిందులు చేసింది. రాష్ట్రమంతా పోటీ చేయవచ్చు గానీ, అందులో పద్నాలుగో వంతు నియోజకవర్గంలో పోటీ చేయాలంటే కుదరదట.

ఈ 5 శాతం నియమం 1943 నాటిది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క చిన్న పార్టీ అభ్యర్థి కూడా దీన్ని దాటి ప్రతినిధుల సభ బ్యాలెట్ మీదికి రాలేదు. సుప్రీంకోర్టు 1971లో జెనెస్ కేసులో దీన్ని సమర్థించింది. లిబర్టేరియన్లు 2017లో మళ్లీ దావా వేస్తే, 2021లో ఫెడరల్ జిల్లా జడ్జి లీ మే రాజ్యాంగ విరుద్ధమని చెప్పి 1 శాతానికి తగ్గించారు. 2022 జనవరిలో పై కోర్టు, అంటే పదకొండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ఆ తీర్పును కొట్టేసింది. చట్టం చెల్లుతుందని కోర్టు అంది, సరే. చెల్లే చట్టాలన్నీ మంచివి కావాలని లేదు కదా.

పేర్లు పెరిగితే ఓటరు తికమకపడతాడనే వాదనను నేను తేలిగ్గా తీసుకోను. నాది నిజామాబాద్ జిల్లా. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కోసం మా రైతులు గుంపుగా నామినేషన్లు వేశారు. బరిలో మొత్తం 185 మంది మిగిలారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు ఒకదానికొకటి తగిలించి పెట్టారు. మా పెద్దనాన్న కళ్లద్దాలు తుడుచుకుంటూ గుర్తు వెతుక్కోవడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ చెబుతారు. అంతకుముందు 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఢిల్లీకి వినపడాలని 480 మంది నిలబడితే బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, పోలింగే వాయిదా పడింది. ఆ తర్వాత డిపాజిట్ పెంచారు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. పది మంది! నిజామాబాద్ రైతులు ఆ పెంచిన నిబంధనలతోనే, 25 వేల రూపాయల డిపాజిట్ కట్టి నిలబడ్డారు. గెలిచింది ధర్మపురి అర్వింద్. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఆ 185 పేర్లే దాన్ని తెచ్చాయని నేననను. ఆ ఏడు మా పసుపు గురించి దేశమంతా మాట్లాడుకుందన్నది మాత్రం నిజం.

నల్లగొండ అంత వరద మీరు కోరుకోవద్దు. కానీ కరువు కూడా ఇంతలా ఉండాలా? 2018లో ఎనిమిదో నియోజకవర్గంలో రిపబ్లికన్ ప్రతినిధి ఆస్టిన్ స్కాట్ గారికి పోటీ ఇవ్వడానికి బ్యాలెట్ మీద ఒక్క పేరు లేదు. పక్కనున్న టెన్నెస్సీలో స్వతంత్ర అభ్యర్థిగా ప్రతినిధుల సభకు నిలబడాలంటే 25 సంతకాలు చాలు. మా కోచ్ ఇల్లు ఆ రాష్ట్రంలోని ఛట్టనూగాలో ఉండి ఉంటే, ఆ శనివారం నా ఆరు సంతకాలే దాదాపు పావు వంతు.

ఓట్లు చీలుతాయనే భయం ఒకటుంది. జార్జియాకు ఆ భయం అందరికంటే తక్కువ ఉండాలి. సగానికి మించి ఓట్లు ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఎన్నిక పెట్టే రాష్ట్రం మీది. సెనేటు ఎన్నికల్లో 2020లో లిబర్టేరియన్ షేన్ హేజల్‌కు, 2022లో ఆలివర్‌కు పడిన రెండేసి శాతం ఓట్ల వల్ల అదే జరిగింది. రెండోసారి వరుసలో నిలబడటం విసుగే, ఖర్చూ కౌంటీల మీదే పడింది. కానీ మూడో మనిషికి ఓటేసిన వాళ్లకు, మిగిలిన ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే అవకాశం దక్కింది.

చట్టం మార్చేది శాసనసభ, మీరు కాదని తెలుసు. కానీ ఎన్నికల చట్టంలో ఏ సవరణ కావాలో వాళ్లకు చెప్పే హోదా మీకుంది. రాష్ట్రమంతటికీ ఉన్న 1 శాతాన్నే నియోజకవర్గానికీ వర్తింపజేయమని వచ్చే సమావేశాల్లోపు సిఫారసు చేయండి. అది మరీ పెద్ద కోరిక అనిపిస్తే, రాష్ట్రవ్యాప్త అర్హత ఉన్న పార్టీకైనా సంతకాల నుంచి మినహాయింపు ఇవ్వమనండి. కౌంటీకో కాగితం అనే నియమాన్ని తీసేయమనండి. ఏ సంతకం ఏ కౌంటీదో చూసుకోవడానికి మీ దగ్గర ఓటర్ల జాబితా ఉంది, కంప్యూటర్లు ఉన్నాయి.

ఆ ఆరు సంతకాల కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. మీ కార్యాలయానికి సమర్పించే అవసరం రాలేదు.

ఇట్లు,
ఫోర్సైత్ కౌంటీ ఓటరు ఒకరు