ప్యాటియో కప్పుకు పర్మిట్: అడగాల్సింది ఎన్ని చదరపు అడుగులని కాదు

సంపాదకులు గారికి,

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది ఎండలు ముదరగానే ఇంటి వెనక బయట కూర్చునే గచ్చు, అంటే ప్యాటియో మీద కప్పు వేయించుకుంటారు. "200 చదరపు అడుగుల లోపేగా, పర్మిట్ దేనికి?" అన్న మాట కాంట్రాక్టర్ల నోటా పక్కింటివాళ్ల నోటా వింటూనే ఉంటాం. అందులో ఉన్నది సగం నిజమే. కొంప ముంచేది మిగతా సగం.

ఆ 200 అంకె చాలా రాష్ట్రాలు ప్రమాణంగా తీసుకున్న ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌లోది. ఆ మినహాయింపు ఇంటికి తగలకుండా విడిగా నిలబడే షెడ్డు లాంటి ఒంటి అంతస్తు కట్టడాలకే. కాలిఫోర్నియాలో అదీ 120 చదరపు అడుగులే. గోడకు బిగించిన కప్పు 80 చదరపు అడుగులైనా ఈ మినహాయింపులోకి రాదు. కొన్ని ఊళ్లు విడిగా సడలింపులిచ్చాయి కాబట్టి స్థానిక బిల్డింగ్ విభాగాన్నే అడగాలి. పర్మిట్ అక్కర్లేని చోట కూడా కోడ్‌ను పాటించాల్సిందే, సరిహద్దు నుంచి వదలాల్సిన దూరం వదలాల్సిందే. కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్ఓఏ) ఒప్పుకుందంటే రంగూ రూపమూ నచ్చాయని మాత్రమే. అది పర్మిట్ కాదు.

గోడకు బిగిస్తే ఎందుకింత పట్టింపంటే, కప్పు బరువులో దాదాపు సగం ఇల్లే మోస్తుంది. 16 అడుగుల పొడవున, గోడ నుంచి 12 అడుగులు ముందుకొచ్చే కప్పు తీసుకోండి. అంచున రెండు స్తంభాలుంటే ఒక్కోదాని వాటా 48 చదరపు అడుగులు. తేలికపాటి అల్యూమినియం కప్పు సొంత బరువు చదరపు అడుగుకు 5 పౌన్లనుకుని, కోడ్ లెక్కించమనే కనీస భారం 10 పౌన్లు కలిపితే స్తంభానికి 720 పౌన్లు. నేల గడ్డకట్టని ప్రాంతాల్లో, కనీసం మూడున్నర అంగుళాల మందమున్న కాంక్రీటు పలక మీద, స్తంభానికి 750 పౌన్లు మించకపోతే, విడి పునాది లేకుండా నిలపవచ్చని కోడ్ అనుబంధం చెబుతుంది. అంటే ఇది అంచుమీద గట్టెక్కింది. అదే కప్పును చెక్కతో, షింగిల్స్‌తో వేసి సొంత బరువు 10 పౌన్లయితే 960 అవుతుంది. పునాది తవ్వక తప్పదు. ఆ కనీస 10 పౌన్ల బదులు 30 పౌన్ల మంచు లెక్కగట్టే చోట అల్యూమినియం కప్పుకే 1,680.

గాలి సంగతి ఇంకో రకం. మూడు వైపులా తెరిచిన కప్పును గాలి కిందినుంచి ఎత్తుతుంది. తేలికైన కప్పును పట్టి ఉంచేది పునాది బరువే. పొడవు, వెడల్పు, లోతు ఒక్కోటి ఒకటిన్నర అడుగులుండే కాంక్రీటు దిమ్మ సుమారు 500 పౌన్లు తూగుతుంది.

ఎక్కువగా పాడయ్యేది గోడ దగ్గర అతుకు. గోడవైపు కప్పును మోసే లెడ్జర్ పలకను చూరు అంచునున్న ఫాషియా చెక్కకు మేకులతో కొట్టి వదిలేస్తారు. ఫాషియా ఉన్నది గటర్ మోయడానికి, కప్పు మోయడానికి కాదు. ఇటుక తొడుగుకు బిగించడమూ అంతే ప్రమాదం, వెనక ఉన్న చట్రానికి బోల్టు పట్టాలి. పైన నీరు దిగకుండా అడ్డుపెట్టే రేకు (ఫ్లాషింగ్) లేకపోతే నీరు లోపలికి దిగి చెక్క కుళ్లిపోతుంది, బయటికి ఏమీ కనపడదు.

నగరాల బిల్డింగ్ విభాగాలకూ ఒక మాట. గ్యారేజీ అంత కూడా లేని కప్పుకు ఇంజినీరు ముద్ర కావాలని వారాలు తిప్పితే జనం దొంగచాటుగా కట్టుకోరూ? ఫలానా కొలతల లోపు ఫలానా స్తంభం, ఫలానా పునాది, గోడకు ఫలానా అతుకు అంటూ నమూనా ప్లాన్లు కౌంటర్లోనే ఇవ్వాలి. కొన్ని నగరాలు ఇస్తున్నాయి కూడా. అప్పుడు ఇంటివాళ్లు సరిహద్దు దూరాలు చూపే సైట్ ప్లాన్ ఒక్కటి గీసుకొస్తే చాలు. తనిఖీ మాత్రం కాంక్రీటు పోయక ముందు ఒకసారి, పని ముగిశాక ఒకసారి తప్పనిసరి.

పర్మిట్ లేకుండా ఇప్పటికే వేసేసినవాళ్లు ఇల్లు అమ్మే దాకా ఆగకుండా ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోవాలి. ఇన్‌స్పెక్టర్ స్తంభం పక్కన తవ్వి పునాది చూపించమనవచ్చు, లెడ్జర్ దగ్గర కొంత విప్పమనవచ్చు. కాంక్రీటు పోసేటప్పుడు కొలత టేపు పెట్టి తీసిన ఫొటోలుంటే దరఖాస్తుతోపాటు ఇవ్వండి.

— ఒక పాఠకుడు