ముందు కూలి డబ్బులు, తర్వాతే క్రిస్మస్ స్టార్

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు దగ్గరపడుతోంది. పండగకి ముందు జరుపుకునే సెమీ క్రిస్మస్‌లకి షామియానాలు, సౌండ్ సిస్టమ్‌లు బుక్ చేసే హడావిడిలో ఉన్నాయి మా సంఘాలన్నీ. ఈ టైములో తోటి క్రైస్తవులతో ఒక మాట చెప్పాలనుంది. చర్చిలోనే చెప్పొచ్చు కదా అంటారేమో, చెప్పాను. ‘ప్రార్థనలో పెడదాం అమ్మా’ అన్నారు. పెట్టారో లేదో తెలీదు, అందుకే పేపరుకి రాస్తున్నా.

మా ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పుకునే సమయం ఉంటుంది. వీసా వచ్చిందని ఒకరు, పిల్లాడికి సీటు వచ్చిందని ఒకరు, షుగర్ కంట్రోల్‌లోకి వచ్చిందని ఇంకొకరు. దేవునికి స్తోత్రం, కాదనను. కానీ ఇన్నేళ్ళలో ఒక్కరైనా లేచి, ఈ నెల మా పనమ్మాయికి ఒకటో తారీఖునే జీతం ఇచ్చేశాను, జ్వరమొచ్చి రాని రోజులకి కోత పెట్టలేదు అని చెప్పగా నేను వినలేదు. గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని ఊరుకుంటారనుకుందామా అంటే, వీసా సంగతి మాత్రం మూడు వారాలు వరసగా చెబుతారు.

కిందటేడు క్రిస్మస్ అయిపోయి, సంక్రాంతి కూడా దాటిపోయాక మా చర్చి గేటు దగ్గర షామియానా కుర్రాడు నిలబడి ఉన్నాడు. చేతిలో బిల్లు పుస్తకం, అందులో కార్బన్ కాగితం కింద పడిన నీలం అంకెలు: కుర్చీలు, రెండు ఫోకస్ లైట్లు, జనరేటరు, డీజిల్ వేరే. కోశాధికారి గారు లోపల ఉపవాస ప్రార్థనలో ఉన్నారు, అయ్యాక రమ్మన్నారట. అయ్యాక వస్తే ఆయన భోజనానికి వెళ్ళిపోయారు. ఆ కుర్రాడు క్రైస్తవుడు కాదు, మన ప్రసంగాలు వినడు, మన కరపత్రాలు చదవడు, మన గురించి అతనికి తెలిసిందల్లా ఆ బిల్లు ఎన్నిసార్లు తిప్పించామన్నదే.

కూలివాడి డబ్బులు తెల్లవారేదాకా నీ దగ్గర పెట్టుకోవద్దని బైబిల్లో లేవీయకాండం 19లో ఉంది. సూర్యుడు అస్తమించకముందే ఇచ్చెయ్యమని ద్వితీయోపదేశకాండం 24లో ఉంది. ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం అంటుంది. దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు దేవునికివ్వడం కోసం మలాకీ 3 ఎన్నిసార్లు వింటామో లెక్కలేదు గానీ, యాకోబు 5 మీద ప్రసంగం చివరిసారి ఎప్పుడు విన్నారో ఎవరైనా గుర్తుచేసుకోండి. గలతీ 5లో ఆత్మఫలం అని చెప్పిన తొమ్మిది మంచి గుణాల్నీ సండే స్కూలు పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. అందులో మంచితనం ఆరోది. పిల్లలకి అది నోటికి వస్తే చాలు. కానీ పెద్దవాళ్ళ దగ్గర అది జీతాల దగ్గర, బాకీల దగ్గర, బేరాల దగ్గర తెలియాలి కదా, ఇంకెక్కడ తెలుస్తుంది?

మాది ఒంగోలు కాబట్టి ఇక్కడ పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంగతి రాయకుండా ఉండలేను. 1876-78 కరువులో జనం తిండిలేక చనిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆయనకి సర్వే పని వచ్చు. ఊరికే గంజి పోసి సరిపెట్టలేదు, పని చూపించి కూలి ఇప్పించాడు. ఇంకో పని కూడా చేశాడు, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరువు పని నడుస్తున్నంతకాలం అడిగినవాళ్ళకి కూడా బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి, ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. మనం ఆ 2,222 అంకెని గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు నడిచిన కాలువ పనిని, ఆ కూలి లెక్కల్ని మాత్రం వదిలేస్తాం.

ఇక మైకు. ఇది రాస్తే చాలామందికి కోపం వస్తుంది, తెలుసు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఇళ్ళ మధ్య పగటిపూట కూడా 55 డెసిబెల్స్ దాటకూడదు. అదే ఏడాది సుప్రీంకోర్టు, చెన్నైలోని ఒక చర్చి కేసులోనే, పక్కవాళ్ళ ప్రశాంతత చెడగొట్టి మైకుల్లో ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పలేదని తీర్పిచ్చింది. మిగతావాళ్ళ మైకులు మోగట్లేదా అని అడుగుతారు. మోగుతున్నాయి, వాళ్ళకీ ఇదే రూలు. కానీ పొరుగువాణ్ణి ప్రేమించమని వారం వారం చెప్పుకునేది మనం. ఆ పొరుగింట్లో ఇంటర్ పరీక్షలకి చదివే పిల్ల ఉండొచ్చు, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న నర్సు ఉండొచ్చు, ఆ నర్సు మన సంఘం మనిషే కూడా కావచ్చు.

ప్రేమ విందు అయ్యాక కాగితం ప్లేట్లు, బిర్యానీ ఎముకలు కాలవలో తేలుతుంటాయి, తెల్లారి కార్పొరేషన్ వాళ్ళు వచ్చి ఎత్తుతారు. ఎత్తేవాళ్ళలో చాలామంది ముందురోజు మన పక్కన కూర్చుని పాటలు పాడినవాళ్ళే. పండగ మర్నాడు కూడా వాళ్ళకి మన ఎంగిలి తప్పదు.

కమిటీల్లో ఉన్న పెద్దలకి నా విన్నపం ఒక్కటే. ఈసారి క్రిస్మస్ బడ్జెట్ రాసేటప్పుడు స్టారు, కేకు, బయటి ప్రసంగీకుడి కానుక కంటే ముందు, పైన మొదటి వరసలో పాత బాకీలు రాయండి. షామియానా, మైకు సెట్టు, చర్చి ఊడ్చే ఆమె జీతం అన్నీ. అవి తీర్చగా మిగిలినదాంతోనే పండగ చేద్దాం. సౌండ్ బాక్సులు రోడ్డు వైపు కాకుండా లోపలికి తిప్పండి, పదయ్యేసరికి కట్టేయండి. ప్లేట్లు ఎత్తడానికి యూత్ ఎలాగూ ఉన్నారు, అర్ధరాత్రిదాకా క్యారల్స్‌కి తిరిగే ఓపిక ఉన్నవాళ్ళకి అరగంట ఊడ్చే ఓపిక ఉండకపోదు. ఒకవేళ లేకపోతే చెప్పండి, చీపురు పట్టుకుని మేం ఆడవాళ్ళం వస్తాం, పెద్దలు కూడా వస్తే ఇంకా సంతోషం.

ఇట్లు,
ఒక సంఘ సభ్యురాలు,
ఒంగోలు