హుగ్లీ కింద నుంచి వచ్చిన రైలు గురించి, బెజవాడ మిత్రుడికి

కోల్‌కతా,
సెప్టెంబరు, 2025.

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మ మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ గుడికి నడిచి వెళ్తోందని చదివాక మనసు కుదుటపడింది. బెజవాడలో మెట్రో మాట మళ్ళీ వినబడుతోందనీ, గన్నవరం వైపూ పెనమలూరు వైపూ వేయదలచిన దారులు స్తంభాల మీదనే ఎందుకు పోవాలి, కోల్‌కతాలో లాగా నేల కింద నుంచి ఎందుకు పోకూడదని పొద్దున నడకకు వచ్చే మీ మిత్రబృందం రోజూ వాదించుకుంటోందనీ రాశావు. ఈ ఊరి మట్టిని బోర్లు వేసి పైకి తీయించడం, పరీక్షలు చేయించడం తోనే నా ఉద్యోగమంతా గడిచింది కనుక నా అభిప్రాయం చెప్పమన్నావు. చెబుతాను, కానీ కాస్త ఓపిక పట్టి చదవాలి.

కోల్‌కతాలో బోరు వేస్తే ముందు మెత్తటి బూడిదరంగు బంకమట్టి వస్తుంది. తరువాత చాలాచోట్ల కుళ్ళిన చెట్ల అవశేషాలతో నల్లటి పొర ఒకటి తగులుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకనాడు ఆ పొరలోంచి వచ్చిన ముక్కను మా పెద్ద సూపరువైజరు గారు చాకుతో చీల్చి నా ముక్కు దగ్గర పెట్టారు. చెరువు పూడిక వాసన గుప్పుమంది. లోపల పేడులు పేడులుగా అసలైన చెక్క కనబడింది. సుందరబన అడవులకు పేరు తెచ్చిన సుందరి చెట్ల మొద్దులు ఈ నగరం కింద దొరికాయని ఆయన చెప్పినప్పుడు, మనం నిలబడిన ఈ నగరం నడిబొడ్డు చౌరంఘీ ఒకప్పుడు ఉప్పునీటి అడవి అన్నమాట అనుకుని చాలాసేపు ఆ ముక్కను చేతిలోనే ఉంచుకున్నాను. ఆ నల్లపొర కింద గట్టి నీలిబంక, దాని కింద ఒండ్రు కలిసిన ఇసుక, ఆ ఇసుకనిండా నీళ్ళు. ఈ వరుస ప్రతి వీధిలోనూ ఒకేలా ఉండదు. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తు పెట్టుకో, నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఈ ఊరికి నేల కింది రైలు ఎందుకు అవసరమైందో ముందు చెబుతాను. నగర విస్తీర్ణంలో రోడ్లకు దక్కింది 4.2 శాతమే. స్తంభాలు నిలబెట్టడానికి పాత కోల్‌కతాలో చోటు లేదు. అందుకే 1949లోనే అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ భూగర్భ రైలు ఆలోచన చేసి ఫ్రెంచి నిపుణుల చేత సర్వే చేయించారు. 1972 డిసెంబరు 29న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1984 అక్టోబరు 24న ఎస్‌ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కిలోమీటర్ల మేర దేశంలో మొదటి మెట్రో నడిచింది. డమ్‌డమ్ నుంచి టాలీగంజ్ దాకా మార్గం మొత్తం కలిసింది 1995 సెప్టెంబరులో. పదహారున్నర కిలోమీటర్లకు ఇరవై మూడేళ్ళు!

అన్నేళ్ళు ఎందుకు పట్టిందని నీకు అనుమానం రావడం సహజం. మొదటి ఐదారేళ్ళు డబ్బు సరిగా రాలేదు. కోర్టు స్టేలు వచ్చాయి, సిమెంటూ ఉక్కూ సమయానికి అందలేదు. వీటన్నిటికీ తోడు రోడ్డు కింద ఏమున్నదో ఎవరికీ పూర్తిగా తెలియదు. బ్రిటిషువారు ఇటుకలతో కట్టిన మురుగు కాలువలు, మంచినీటి గొట్టాలు, గ్యాసు లైన్లు, టెలిఫోను కేబుళ్ళు అన్నీ ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండేవి. వాటిని ముందు పక్కకు జరిపితే తప్ప పలుగు వేసే వీలు లేదు.

అప్పటి పద్ధతి రోడ్డును పైనుంచి తవ్వి, పెట్టెలా కట్టి, తిరిగి పూడ్చడం. వినడానికి సులువుగా ఉంటుంది గాని, మెత్తటి మట్టిలో లోతుగా తవ్వితే పక్క మేడ గుంటలోకి జారుతుంది. అందుకని రోడ్డుకు రెండు వైపులా ఇరుకైన లోతు కందకాలు తీసి, అవి కూలకుండా బెంటనైట్ అనే బంకమట్టి చిక్కటి ద్రావణంతో నింపి ఉంచేవారు. అందులోకి ఇనుప చట్రం దింపి, గొట్టంతో అడుగు నుంచి కాంక్రీటు పోస్తూ వస్తే, బరువైన కాంక్రీటు కింద చేరేకొద్దీ తేలికైన ద్రావణం పైకి పొంగి బయటికి వచ్చేది. అలా నేలలోనే గోడ తయారయ్యేది. ఆ తరువాతే రెండు గోడల మధ్య మట్టి తీయడం, అడ్డంగా ఉక్కు దూలాలు బిగించడం, శ్లాబులు వేయడం. డయాఫ్రం గోడ అంటారు దీన్ని. మనవాళ్ళు ఇక్కడ నేర్చుకున్న ఆ పని తరువాత దేశమంతా వ్యాపించింది. బెల్గాఛియాకూ శ్యామ్‌బజారుకూ మధ్య మాత్రం పైన రైల్వే యార్డు, కాలువ ఉండడం వల్ల తవ్వి పూడ్చే వీలు లేక, సుమారు కిలోమీటరు మేర సొరంగమే తొలిచారు. నీరు లోపలికి రాకుండా సొరంగంలో గాలి పీడనం పెంచి, ఆ పీడనంలోనే కూలీల చేత పని చేయించారు. పని ముగిశాక వాళ్ళు ఒక గదిలో కూర్చుని, పీడనం మెల్లగా తగ్గేదాకా ఆగి బయటికి రావాలి. తొందరపడితే రక్తంలో గాలి బుడగలు కట్టి ప్రాణం మీదికి వస్తుంది. మెట్రో ఎక్కినప్పుడల్లా ఆ మనుషులు నాకు గుర్తొస్తారు, వాళ్ళ పేర్లు ఏ స్టేషను గోడ మీదైనా చెక్కితే బాగుండునని అనిపిస్తుంది.

ఇప్పుడు నువ్వు అడిగిన హుగ్లీ సంగతి. హౌరా మైదాన్ నుంచి సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్ దాకా తూర్పు పడమరల మార్గం పొడవు 16.6 కిలోమీటర్లు, అందులో 10.8 నేల కింద ఉన్నాయి. నది కింద సొరంగం 520 మీటర్లు. రచన, ప్రేరణ అనే రెండు యంత్రాలు 2017 వేసవిలో ఆ నదిని కింద నుంచి దాటాయి. ఈ యంత్రం నడిచే తీరు తెలిస్తే మిగిలిన కథ తేలిగ్గా అర్థమవుతుంది. ముందున్న పళ్ళచక్రం తిరుగుతూ మట్టిని కోస్తుంది. కోసిన మట్టి వెనక ఉన్న గదిలో కిక్కిరిసి నిండుతుంది. దాన్ని మర ఒకటి తిరుగుతూ వెనక్కి తీసుకెళ్తుంది. బయటి నుంచి మట్టీ నీరూ ఎంత బలంగా తోస్తున్నాయో, గదిలోని మట్టి అంతే బలంగా ఎదురు నిలవాలి. మర అవసరానికి మించి లాగితే పైన నేల కుంగుతుంది, తక్కువ లాగితే నేల ఉబ్బుతుంది. వెనకనే కాంక్రీటు దిమ్మెలను వలయంగా పేర్చి బిగిస్తారు. దిమ్మెకూ దిమ్మెకూ మధ్య ఉండే రబ్బరు పట్టీ తడి తగిలితే ఉబ్బి సందు మూసేస్తుంది. వలయానికీ మట్టికీ మధ్య మిగిలిన ఖాళీలోకి వెంటనే గ్రౌటు, అంటే సిమెంటు జావ, ఎక్కిస్తారు. బయటి వ్యాసం 6.1 మీటర్లు, లోపల 5.55 మీటర్లు. నది కింద యంత్రాన్ని ఆపకూడదన్నది నియమం, అందుకే మూడు షిఫ్టుల్లో రాత్రింబవళ్ళు నడిపారు. నది అడుగుకు సుమారు 13 మీటర్ల కింద, ఎక్కువగా బంకమట్టి ఉన్న పొరలో దారి వేసుకున్నారు. నీరు అంత తేలిగ్గా పారని మట్టి అది. దాటాయి, ఏ ప్రమాదమూ లేకుండా దాటాయి.

అసలు దెబ్బ బౌబజారులో తగిలింది. 2019 ఆగస్టు 31న, నదికి దూరంగా, ఇరుకు సందుల కింద తొలుస్తున్న చండీ అనే యంత్రం నీళ్ళు నిండిన ఇసుక పొరలోకి వెళ్ళింది. నీరూ ఇసుకా సొరంగంలోకి దూకాయి. పైన దుర్గా పితురి లేన్‌లో, శ్యాక్‌రాపాడా లేన్‌లో నేల కుంగి ఇళ్ళు కూలాయి. వందల మంది కట్టుబట్టలతో హోటళ్ళకు తరలిపోయారు. శ్యాక్‌రా అంటే బెంగాలీలో కంసాలి. మా అమ్మాయి పెళ్ళి నగలు చేసిన కంసాలి కుటుంబం అక్కడికి దగ్గరలోనే ఉండేది. నేను చూడబోతే పెద్దాయన రోడ్డు మీద, తాడు కట్టిన అడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు. తన చేతిలో ఉన్నది చిన్న త్రాసు మాత్రమేననీ, పటకారులూ ఊదుగొట్టమూ లోపలే ఉండిపోయాయనీ, పోలీసులు ఐదు నిమిషాలు లోపలికి వెళ్ళనిస్తే చాలుననీ ఆయన నాతో అన్నాడు. నేను మట్టి మనిషిని కదా, ఆ క్షణంలో సిగ్గుతో నా నోట మాట రాలేదు.

ఇంజినీర్లు సొరంగంలో అడ్డుగోడ కట్టి, లోపల నీళ్ళు నింపి, బయటి నీటి ఒత్తిడికి ఎదురు నిలబెట్టి ఇసుక రాకను ఆపారు. చండీ మళ్ళీ కదలలేదు. దాన్ని అక్కడే ముక్కలు చేసి తీశారు. జంటగా బయలుదేరిన ఊర్వి అనే యంత్రం తన దారి పూర్తిచేసి, సియాల్దా నుంచి వెనక్కి తిరిగి, మిగిలిన భాగం తొలిచింది. అంతటితో అయిందా అంటే కాలేదు. 2022 మే నెలలో యంత్రాన్ని తీసిన బావి అడుగున శ్లాబు పని చేస్తుండగా, మళ్ళీ అక్టోబరులో రెండు సొరంగాలను కలిపే అడ్డదారి పని దగ్గర నీరు ఉబికి, పైన ఇళ్ళు బీటలు వారాయి. గమనించు, ఆ రెండుసార్లూ నీరు వచ్చింది యంత్రం తొలిచే చోటు నుంచి కాదు, మనుషులు చేతులతో తెరిచి కలపవలసిన అతుకుల దగ్గర నుంచి. నాకు తెలిసినంతలో భూగర్భ మార్గానికి ఆయువుపట్టు అదే. 2024 మార్చిలో నది కింద రైలు నడిచినా, ఎస్‌ప్లనేడ్, సియాల్దాల మధ్య భాగం తెరుచుకుని మార్గమంతా ఒకటయ్యేసరికి మొన్న 2025 ఆగస్టు 22 వచ్చింది.

ఇక బెజవాడ విషయం. హైదరాబాదులో రాతినేల, అక్కడ 2017లో మొదలైన మెట్రో మొత్తం స్తంభాల మీదనే పోతుంది. బెంగళూరులో నేల కిందికి దిగారు, కానీ ఒకే సొరంగంలో గట్టిరాయీ మెత్తటి మట్టీ కలిసి ఎదురై యంత్రాల పళ్ళు త్వరగా అరిగి చాలా ఇబ్బంది పెట్టాయి. మనది కృష్ణ ఒడ్డు, ఒండ్రూ ఇసుకా, కాలువలు, పైపైనే నీళ్ళు. అంటే బౌబజారుకు దగ్గరి చుట్టం. తొలచలేమని నేను అనను, ఇంతకంటే కష్టమైన నేలను మనుషులు తొలిచారు. కానీ కిలోమీటరు ఖర్చు స్తంభాల మీది దారికి రెండింతలు దాటుతుంది. పైన వెడల్పాటి రోడ్డు ఉన్నచోట ఆ ఖర్చుకు నాకు న్యాయం కనబడదు. ఇరుకైన పాతబస్తీ దాటవలసి వస్తే మాత్రం నేల కిందికే వెళ్ళాలి, అప్పుడు డబ్బు చూసుకోకూడదు. ఎప్పుడైనా నివేదిక నీ చేతికి వస్తే ముందు పేజీల్లోని రంగుల బొమ్మలు పక్కన పెట్టి, చివర అనుబంధాల్లో బోర్ల పట్టిక చూడు. ఎంత దూరానికి ఒక బోరు వేశారు, ఎంత లోతుకు వెళ్ళారు, వానాకాలంలో నీటిమట్టం కొలిచారా, దారికి పైనున్న ఇళ్ళ గోడలను పని మొదలు కాకముందే ఫొటోలు తీసి పగుళ్ళు రాసిపెట్టారా అని మీ బృందమంతా కలిసి అడగండి. బోర్లకు పెట్టే ఖర్చు మొత్తంలో చాలా చిన్నది. దాన్ని తగ్గించి పొదుపు చేశామని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

దసరాకు మీరిద్దరూ రాకపోతే నేను ఊరుకోను. హౌరా దాకా వచ్చే రైల్లో వచ్చి, టాక్సీ జోలికి పోకుండా హౌరాలో నేరుగా మెట్రో స్టేషనులోకి దిగండి. దాదాపు 30 మీటర్ల లోతు, చెల్లెమ్మకు మెట్ల భయం అక్కర్లేదు, ఎస్కలేటర్లూ లిఫ్టులూ ఉన్నాయి. రైలు కదలగానే కిటికీ వైపు చూడమను. నది వచ్చినచోట సొరంగం గోడల మీద నీలిదీపాలు వెలుగుతాయి, ముప్పావు నిమిషంలో దాటిపోతాయి. నేను ఎస్‌ప్లనేడ్ ప్లాట్‌ఫారం మీద ఉంటాను. అక్కడి నుంచి ముగ్గురం బౌబజారు వెళ్దాం. మా కంసాలి పెద్దాయన కొడుకు పక్కవీధిలో మళ్ళీ కొలిమి పెట్టాడు, చెల్లెమ్మ ముక్కుపుడక బాగు చేయించాలని రాశావు కదా, అతని చేతే చేయిద్దాం. టికెట్లు దొరకగానే తేదీ రాయి.

నీ
బాల్యమిత్రుడు