గామా పేలుళ్ల గురించి కూడా రాయండి

సంపాదకులకు,

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే ఇక్కడ మిద్దెలెక్కి చూస్తాం, మర్నాడు మీ పేపర్లో ఫొటో వస్తుంది, కానీ అది మోసుకెళ్లిన ఉపగ్రహం తర్వాత ఏం చేస్తోందో ఎవరూ రాయరు. 2015లో వెళ్లిన మన ఖగోళ పరిశీలన ఉపగ్రహం ఆస్ట్రోశాట్, సుదూర గెలాక్సీల్లో జరిగే అతి శక్తిమంతమైన గామా కిరణ పేలుళ్లను వందల్లో పట్టింది. ఈ కిరణాలు వాతావరణాన్ని దాటి నేలకు చేరవు, అందుకే కాపలా అంతరిక్షంలో. కొన్ని పేలుళ్లు రెండు సెకన్లు కూడా ఉండవు. నాసా స్విఫ్ట్ ఉపగ్రహం దిక్కు పసిగట్టి, తనంతట తానే అటు తిరిగి, ఎక్స్‌రే టెలిస్కోపుతో చోటు తేల్చి కబురు పంపితే, పేలుడు తర్వాత మిగిలిన వెలుగు మసకబారేలోపు లద్దాఖ్‌లోని హాన్లే టెలిస్కోపు లాంటివి గురిపెట్టాలి, ఎంత టెన్షన్ పనో చూడండి! 2022 అక్టోబర్ 9న కనిపించిన పేలుడు అప్పటిదాకా నమోదైన అన్నిటికన్నా ప్రకాశవంతమైనది. ఇవన్నీ మా పిల్లలకు తెలుగులో కావాలి. వారానికి అర పేజీ అయినా ఇవ్వండి సార్.

- ఒక పాఠకుడు, తిరుపతి