ఆ పిల్లవాడి పక్కన ఎవరు కూర్చోవాలి?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి దాని గురించే ఆలోచన. పిల్లవాణ్ణి, ప్రత్యేక అవసరాల పిల్లలకు నువ్వు పాఠాలు చెప్పే భవిత కేంద్రానికి పంపేసి, "ఇక వాడి సంగతి మీరే చూసుకోండి సార్" అని తరగతి ఉపాధ్యాయులు చేతులు దులుపుకుంటున్నారని రాశావు. ఇంగ్లండ్‌లోనూ ఆ మాట వింటూనే ఉన్నాను, భాషే వేరు. నా శిక్షణ గురించి అడిగావు కదా, అందులో నాకు దొరికిన జవాబు సరిగ్గా నీ బాధకు సంబంధించినదే. కాస్త పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదువు.

ఇక్కడ ప్రభుత్వ నిధులతో నడిచే ప్రతి సాధారణ పాఠశాలలోనూ ప్రత్యేక అవసరాల పిల్లల చదువు చూసే సమన్వయకర్త ఒకరు ఉండి తీరాలి. సెన్‌కో అంటారు, నా శిక్షణ ఆ పనికే. 1994 నాటి నియమావళితో మొదలైన బాధ్యత. 2009 నుంచి కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు 3 ఏళ్లలోగా శిక్షణ పూర్తిచేయాలన్న నిబంధన వచ్చింది. మొన్నటి వరకు అది విశ్వవిద్యాలయాలు ఇచ్చే పీజీ స్థాయి అవార్డు. 2024 సెప్టెంబరు నుంచి దాని స్థానంలో ఎన్‌పీక్యూ అనే వృత్తి అర్హత పెట్టారు. 18 నెలలు, ఉద్యోగం చేసుకుంటూనే. చివర్లో ఒక పాఠశాల పరిస్థితిని ముందుపెట్టి, నువ్వైతే ఏం చేస్తావో రాయమంటారు. పాతదానిలో సొంత బడిలోని సమస్యను తీసుకుని లోతుగా పరిశోధించి రాసే అవకాశం ఉండేదని సీనియర్లు బాధపడుతుంటారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది.

అయినా ఈ శిక్షణ నా కళ్లు తెరిపించింది. ఎక్కడంటావా? లండన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో వెలువరించిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. తరగతిలో పక్కన కూర్చుని సాయం చేసే సహాయకుల తోడు ఎక్కువగా దొరికిన పిల్లలు, అలాంటి స్థితిలోనే ఉండి తక్కువ తోడు దొరికిన పిల్లల కంటే చదువులో తక్కువ ముందుకు వెళ్లారని అందులో తేలింది. లోపం సహాయకులది కాదు. వాళ్లు పక్కన చేరగానే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడి నుంచి తప్పుకుంటున్నాడు, అదీ అసలు కారణం.

చదివినప్పుడు సగమే నమ్మాను. తర్వాత మా బడిలోనే ఒక లెక్కల పాఠం మొత్తం వెనకాల కూర్చుని, ఒక్క పిల్లవాడితో ఎవరెవరు మాట్లాడుతున్నారో గళ్లు గీసుకుని రాశాను. మూడో తరగతి, భిన్నాల పాఠం. పెన్సిలు వాడి చేతిలోనే ఉంది గానీ, గీత ఎక్కడ గీయాలో సహాయకురాలి వేలు చూపిస్తోంది. టీచర్ ప్రశ్న అడిగితే వాడు బోర్డు వైపు చూడడు, పక్కనున్న ఆమె ముఖం వైపు చూస్తాడు. ఆమె మంచి మనిషి, వాడంటే ప్రాణం. కానీ పాఠం అయ్యేసరికి నా కాగితంలో టీచర్ గడి ఖాళీగా ఉంది.

ఆ కాగితం టీచర్‌కు చూపించాను. ఆవిడ నొచ్చుకోలేదు, ఆలోచనలో పడింది. మరుసటి వారం నుంచి పాఠం మొదట్లో ఆవిడే వాణ్ణీ ఇంకో ముగ్గురినీ దగ్గర కూర్చోబెట్టుకుని కాగితపు పట్టీలు మడిపించడం మొదలుపెట్టింది. అంతసేపూ సహాయకురాలు మిగతా తరగతిని చూసుకుంటుంది. కొన్నాళ్లకు నాలుగో వంతు ఏదని అడిగితే, వాడు పట్టీని రెండుసార్లు మడిచి చూపించాడు. ఎవరి ముఖమూ చూడలేదురా!

ఇంకో సంగతి. ఒకటో తరగతిలో ఒక తెలుగు పిల్లవాడు చేరాడు. నోరు విప్పడం లేదు, ప్రత్యేక అవసరాల జాబితాలో చేర్చుదామా అన్నారు. తెలుగులో పలకరించేసరికి ఊళ్లో తాతయ్య ట్రాక్టరు ఎక్కించుకున్న కథంతా చెప్పేశాడు, ముందు వెనకలు తప్పకుండా. ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే అడ్డంకి అయితే దాన్ని ప్రత్యేక అవసరంగా లెక్కకట్టకూడదని ఇక్కడి నియమావళిలో స్పష్టంగా ఉంది. వాడికి కావలసింది ఇంగ్లీషు, ముద్ర కాదు. ఇంటి భాషలోనూ తడబడుతున్నాడంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. మీ మండలంలో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లల విషయంలో ఇది నీకు పనికొస్తుంది. ముందు తల్లిని అడుగు.

ఇక్కడంతా బంగారమని అనుకోకు. సెన్‌కో పనికి తగినంత సమయం ఇవ్వాలని రాశారు గానీ, ఎన్ని గంటలో రాయలేదు. దాంతో సగం రోజులు కాగితాలకే సరి. ఎక్కువ సాయం అవసరమైన పిల్లలకు చట్టబద్ధమైన ప్రణాళిక 20 వారాల్లో రావాలి. 2024లో సగం మందికి కూడా ఆ గడువులో రాలేదు. గేటు దగ్గర ఆ తల్లిదండ్రులకు ఏం చెప్పాలో తెలియక నిలబడటం చాలా కష్టంగా ఉంటుంది. ఒకటి మాత్రం మేలు: బడిలో సాయం మొదలుపెట్టడానికి వైద్యుడి ధ్రువపత్రం అక్కర్లేదు. అవసరం కనిపిస్తే చాలు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరం కోసం నెలల తరబడి ఎదురుచూసే పిల్లలు గుర్తొచ్చారు.

మన సుప్రీంకోర్టు 2021లో, ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలంది. ఆ పోస్టులన్నీ భర్తీ కావాలి, మీ ఉద్యోగాలు పర్మినెంటు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ మిమ్మల్ని పిల్లలతో వేరే గదిలో కూర్చోబెట్టి ఊరుకుంటే ఆ పిల్లలు తరగతికి పరాయివాళ్లుగానే మిగులుతారు. తోటి ఉపాధ్యాయుల పాఠం చూసి, వాళ్లతో కూర్చుని మార్పులు చేయించే అధికారం, దానికి తగిన శిక్షణ మీకు ఇవ్వాలి. ప్రధానోపాధ్యాయుల సమావేశంలో ఇదే అడుగు.

నేను గీసుకున్న గళ్ల కాగితాన్ని తెలుగులో రాసి ఫోనుకు పంపుతున్నాను. నీ మాట వినే ఉపాధ్యాయుడు ఒక్కరు ఉన్నా చాలు, ఆయన తరగతిలో ఒక పాఠం కూర్చుని నింపి చూడు. ఏం కనిపించిందో వెంటనే రాయి. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ మిత్రుడు