కారు నంబరులో ఏపీ 36 అంటే వరంగల్ అని దాదాపు నాలుగు నెలలుగా చెబుతున్నా వినని పాత కార్ల సంస్థకు

హనుమకొండ,
2025 నవంబరు 20.

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: 2025 జూన్ 8న మీ ఉప్పల్ శాఖలో నేను కొన్న 2012 నాటి మారుతి 800 కారు ఆర్సీని (రిజిస్ట్రేషన్ పత్రాన్ని) నేటికీ నా పేరుకు మార్చకపోవడం, అంతకు మించి ఈ ఐదు నెలల్లో మీ సంస్థలో నా మాట చివరిదాకా వినే మనిషి దొరకకపోవడం గురించి.

అయ్యా,

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధించే ఉపాధ్యాయురాలిని. నలభై ఆరేళ్ల వయసులో, మొన్నటి వేసవి సెలవుల్లో కారు నడపడం నేర్చుకున్నాను. ఏప్రిల్‌లో ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకుని, మే నెలంతా తెల్లవారుజామున డ్రైవింగ్ స్కూలు వారి మారుతి 800 మీద చేయి తిప్పుకుని, జూన్ మొదటి వారంలో లైసెన్సు సంపాదించాను. మొదటి కారు పాతదే కావాలని, అదీ మారుతి 800యే కావాలని కోరుకున్నది నేనే. మా నాన్నగారు ఇరవై ఏళ్లు నడిపిన కారు అది. మా వీధి మలుపుల్లో ఇబ్బంది లేకుండా తిరుగుతుంది, కొత్తగా నేర్చుకున్న చేతికి గీత పడినా గుండె జారిపోదు, ఏ ఊరి మెకానిక్కుకైనా దాని సంగతి తెలుసు. హైదరాబాదు వంటి పెద్ద నగరాల్లో 2010 ఏప్రిల్ నుంచి ఆ కారు అమ్మకాలు ఆగిపోయినా వరంగల్‌లో ఆ తరువాత కూడా అమ్మారు కాబట్టే, ఏపీ 36 నంబరుతో 2012లో రిజిస్టర్ అయిన బండి మీ దగ్గర కనిపించింది. మా ఊరి నంబరే కదా, కాగితాల చిక్కు ఉండదని సంతోషపడ్డాను. బండికి 1,18,000 రూపాయలు, ఆర్సీ బదిలీ ఖర్చుల కింద విడిగా 8,500 రూపాయలు ఆ రోజే చెల్లించాను. రెండింటికీ రసీదులు నా దగ్గర ఉన్నాయి.

కారు ఇంటికి చేరిన నాలుగో రోజున రేడియేటర్ ఫ్యాను తిరగక ఇంజను వేడెక్కి దారిలో ఆగిపోయింది. మీరు ఇచ్చిన వారంటీ కాగితం చూపించినా మీ వారు రాలేదు. మా వీధి మెకానిక్కుతో 2,300 రూపాయలకు బాగు చేయించుకున్నాను. ఆ విషయం ఇక్కడితో వదిలేస్తున్నాను, పాత బండి అన్నాక ఇలాంటివి వస్తాయని తెలిసే కొన్నాను. నేను వదలలేనిది మీ మనుషులు నాతో నడుచుకున్న తీరు.

ముప్పై రోజుల్లో ఆర్సీ నా పేరు మీదికి వస్తుందని కారు అప్పగించిన రోజున మీ సేల్స్ అబ్బాయి చెప్పాడు. జూలై 14న మొదటిసారి మీ కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. హిందీలో మాట్లాడారు. తెలుగు వచ్చిన వారిని ఇవ్వమని అడిగితే ఇరవై నిమిషాలు సంగీతం వినిపించి, ఆ తరువాత వచ్చిన వ్యక్తి నా ఫోను నంబరు, బండి నంబరు, కొన్న తేదీ అడిగి, 'రెండు వారాల్లో అయిపోతుంది మేడమ్' అని పెట్టేశారు. రెండు వారాలు ఆగి మళ్లీ చేశాను. మళ్లీ అదే ఫోను నంబరు, అదే బండి నంబరు, అదే తేదీ చెప్పాను. ఈసారి మాట్లాడిన వ్యక్తి, 'మీది ఆంధ్రప్రదేశ్ బండి కాబట్టి విజయవాడ రవాణా కార్యాలయం నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, అది మీరే తెచ్చుకోవాలి' అన్నారు.

అయ్యా, మీ కార్యాలయంలో తెలుగు నేల మీద పుట్టినవారు ఒక్కరైనా ఉండి ఉంటారు, వారిని అడగండి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడక ముందు ఇక్కడి బండ్లన్నిటికీ ఏపీ నంబర్లే ఉండేవి. ఏపీ 36 అంటే వరంగల్, ఏపీ 15 అంటే కరీంనగర్, ఏపీ 24 అంటే నల్లగొండ. రాష్ట్రం వచ్చాక కొత్త బండ్లకు టీఎస్ అని, 2024 మార్చి నుంచి టీజీ అని ఇస్తున్నారు గానీ, పాత బండ్లు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి. ఈ కారు రిజిస్టర్ అయింది వరంగల్‌లో, దాన్ని మీకు అమ్మిన పాత యజమాని, ఒక పెద్దాయన, ఉండేది వరంగల్‌లో, కొన్న నేను ఉండేది హనుమకొండలో. ఎన్‌వోసీ వేరే రాష్ట్రం నుంచి బండి వచ్చినప్పుడు అడిగే కాగితం, ఇక్కడ దాని అవసరం ఎక్కడిది? ఇదంతా ఆ వ్యక్తికి, పిల్లలకు ఎక్కం చెప్పినట్టు, ఓపికగా చెప్పాను. అంతా విని, 'సిస్టమ్‌లో ఏపీ అని ఉంది మేడమ్' అన్నారు. మరునాడు మీ యాప్ తెరిస్తే నా ఫిర్యాదు ఎదురుగా 'వినియోగదారు ఎన్‌వోసీ ఇవ్వడానికి నిరాకరించారు' అని రాసి, దాని కింద 'పరిష్కరించబడింది' అని ఉంది. ఆ రెండు వాక్యాలు చదివినప్పుడు కలిగిన అవమానం నేను మరిచిపోలేను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా మీద ఒక్క మెమో కూడా లేదు. నేను నిరాకరించానని రాసే ముందు నన్ను ఎవరూ అడగలేదు.

నా అంతట నేనే మార్పించుకుందామని మా ఊరి రవాణా కార్యాలయానికి వెళ్లి అడిగాను. కౌంటరు దగ్గర ఉన్న ఉద్యోగి రెండు నిమిషాల్లో విషయం తేల్చి చెప్పారు: 'మన దగ్గరి బండే కదమ్మా, ఎన్‌వోసీ ఎందుకు? ఫారం 29, ఫారం 30, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, ఒరిజినల్ ఆర్సీ పట్టుకుని రండి, చాలు.' ఒరిజినల్ ఆర్సీ మీ దగ్గర ఉంది. పెద్దాయన సంతకాలు చేసిన ఫారాలు కూడా మీ దగ్గరే ఉన్నాయి. అంటే మీరు చేయడం లేదు, నన్ను చేసుకోనివ్వడమూ లేదు.

ఆగస్టు 23న సెలవు పెట్టి, సుమారు 140 కిలోమీటర్లు బస్సులో వచ్చి ఉదయం పదకొండు గంటలకు మీ ఉప్పల్ శాఖలో కూర్చున్నాను. నాకు కారు అమ్మిన అబ్బాయి ఉద్యోగం మానేశాడన్నారు. మేనేజరు మీటింగులో ఉన్నారన్నారు. రవాణా కార్యాలయం పనులు చూసే ఏజెంటు సెలవులో ఉన్నాడన్నారు. మూడున్నర దాకా కార్లు చూడడానికి కొత్తగా వచ్చిన వారికి కాఫీలు తిరుగుతూనే ఉన్నాయి, నా దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. చివరికి నేనే లేచి వెళ్లి, బల్ల వెనక అరలో ఉన్న ఫైళ్లు చూపించమని గట్టిగా అడిగితే, ఒక అమ్మాయి వెతికి నా ఫైలు తీసింది. జూన్ 8న నేను పిన్నుతో గుచ్చి ఇచ్చిన ఫొటో, నా ఆధార్ నకలు, పెద్దాయన సంతకాల ఫారాలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. డెబ్బై ఆరు రోజులుగా ఆ ఫైలు ఆ అరలోంచి కదలలేదు. విజయవాడ ఎన్‌వోసీ కోసం ఆగిందన్న మాట అబద్ధం. దాన్ని ఎవరూ ముట్టుకోనే లేదు. 'ఈరోజే పంపిస్తాం మేడమ్' అని ఆ ఫైలును ఫొటో తీసుకున్నారు. సెప్టెంబరులో ఫోను చేస్తే ఆ ఫైలు ఉప్పల్‌లో లేదని, ఎక్కడుందో చూసి చెబుతామని అన్నారు.

ఒక్క మనిషిని గురించి మంచి మాట చెప్పడం నా ధర్మం. సెప్టెంబరు చివర్లో ఫోను ఎత్తిన ఒక అమ్మాయి నేను చెప్పినదంతా మధ్యలో అడ్డురాకుండా విని, 'టీచరమ్మా, మాది కరీంనగర్. మా నాన్న బండికి కూడా ఏపీ 15 నంబరే. మీరు చెప్పేది నిజం, నేను రాసి పైకి పంపిస్త' అంది. ఆ ఒక్క మాటకే నాకు ప్రాణం లేచి వచ్చింది. వారం తరువాత ఆ అమ్మాయితోనే మాట్లాడతానంటే, అలా ఇవ్వడం కుదరదని, మళ్లీ మొదటి నుంచి చెప్పమని అన్నారు. ఆమె రాసిన మాటలు ఏమయ్యాయో నాకు తెలియదు. ఆ తరువాత అక్టోబరులో నాలుగుసార్లు, నవంబరులో మూడుసార్లు ఫోను చేశాను. ఎస్కలేషన్ టీం అన్నారు, బ్యాక్ ఆఫీసు అన్నారు, నలభై ఎనిమిది గంటలు అన్నారు. ప్రతి ఫోను తరువాత మా సేవకు అయిదింట ఎన్ని మార్కులు వేస్తారని సందేశం వచ్చింది. ప్రతిసారీ జరిగినదంతా అందులో రాసి పంపాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. నవంబరు 9, ఆదివారం ఉదయం, ఈ కారు పాత యజమాని అయిన పెద్దాయన నాకు ఫోను చేశారు. డెబ్బై దాటిన మనిషి. హనుమకొండ చౌరస్తా దగ్గర నేను తప్పుగా పార్కింగ్ చేసినందుకు ట్రాఫిక్ చలానా ఆయన ఫోనుకు వెళ్లింది. కోప్పడలేదు. 'అమ్మా, బండి ఇంక నా పేరు మీదనే ఉన్నదట. చలానా నేను కట్టిన, దాని గురించి కాదు. రేపు ఏమన్నా అయితే నా ఇంటికే వస్తరు కదమ్మా' అన్నారు. తప్పు నాది, జరిమానా ఆయన కట్టారు. నేను సిగ్గుతో మాట్లాడలేకపోయాను. ఆయన భయం ఉత్త భయం కాదు. ఆర్సీలో ఎవరి పేరు ఉంటే ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారపు బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో కూడా బండి చేతులు మారింది గానీ కాగితంలో పేరు మారలేదు. నా పరిస్థితీ అంతే. బండి చేతికొచ్చిన పద్నాలుగు రోజుల్లో బీమా కూడా నా పేరుకు మార్చమని దరఖాస్తు చేసుకోవాలి. అందుకు వెళితే, మారిన ఆర్సీ గానీ దరఖాస్తు రసీదు గానీ తెమ్మన్నారు. నా దగ్గర రెండూ లేవు. అందుకే ఆ ఆదివారం నుంచి కారు బయటికి తీయడం మానేశాను. చేయి తిరిగిన వారికి పది రోజులు ఆపితే ఏమీ కాదు. నిన్న మొన్న నేర్చుకున్న నాకు రోజూ నడపకపోతే భయం మళ్లీ మొదటికి వస్తుంది. ఆ కారు మీద టార్పాలిన్ కప్పి, నేను మళ్లీ ఆర్టీసీ బస్సులో బడికి వెళుతున్నాను.

మీరు రోడ్డు పక్కన బండ్లు అమ్మే చిన్న దళారి కాదు. 2022 డిసెంబరులో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు తెచ్చిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అధీకృత పాత వాహనాల డీలరు చేతిలో బండి ఉన్నంతకాలం ఆయననే యజమానిగా ఎంచుతారు, పేరు మార్పుకు దరఖాస్తు చేసే అధికారం కూడా ఆయనకు ఇచ్చారు. అధీకృత డీలరు అన్న ధ్రువపత్రాన్ని మీ శాఖ గోడ మీద నేను నా కళ్లతో చూశాను. ఆ పత్రాన్ని చూసి మిమ్మల్ని నమ్మాను. మా తమ్ముడు 2021లో కొన్న చోటికే నేనూ వచ్చాను. నా మాట మీద మా బడి హిందీ టీచరు గారు 2023లో మీ దగ్గరే వ్యాగనార్ కొన్నారు. ఒకే ఇంటి నుంచి, ఒకే స్టాఫ్ రూమ్ నుంచి మూడు బండ్లు కొన్నాం. ఇంత నమ్మిన వారి ఫోను ఎత్తి ఐదు నిమిషాలు వినడానికి మీకు మనసు రాలేదు.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో ఆర్సీ నా పేరుకు మారాలి. కుదరకపోతే ఒరిజినల్ ఆర్సీ, సంతకాల ఫారాలు, నా 8,500 రూపాయలు నా ఇంటికి పంపండి, నేనే వెళ్లి మార్పించుకుంటాను. అదీ చేయకపోతే కారు మీరే తీసుకువెళ్లి మొత్తం డబ్బు తిరిగి ఇవ్వాలి, మెకానిక్కుకు ఇచ్చిన 2,300తో సహా. గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేస్తాను, ఆ వెంటనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. అయిదు లక్షల లోపు విలువకు అక్కడ రుసుము లేదు, న్యాయవాది లేకుండానే వాదించుకోవచ్చు. వాదించడం నాకు వచ్చు. ప్రతి ఫోను తేదీ, సమయం, మాట్లాడిన మాట నా నోటు పుస్తకంలో ఉన్నాయి. మా ఉపాధ్యాయ సంఘం జిల్లా సమావేశంలో కూడా ఈ ఉత్తరం చదివి వినిపిస్తాను. అక్కడ కూర్చునే వారిలో రేపో మాపో పాత కారు కొనేవారు చాలామంది ఉంటారు.

వీటన్నిటికంటే ముందు మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. యాప్‌లో నా పేరు ఎదురుగా రాసిన 'నిరాకరించారు' అన్న మాటను తొలగించి, అది తప్పని మీ సంతకంతో నాకు ఉత్తరం రాయండి. వరంగల్‌లోని ఆ పెద్దాయనకు మీ సంస్థ తరఫున ఒక మనిషి స్వయంగా వెళ్లి, ఆయన కట్టిన చలానా సొమ్ము చేతిలో పెట్టి, క్షమించమని అడగాలి. ఫోను చేసి కాదు, వెళ్లి అడగాలి. ఆయన ఇంటి చిరునామా మీ ఉప్పల్ ఫైల్లోనే, ఫారం 29 మీద ఉంది.

ఇట్లు,
భవదీయురాలు,
మీ దగ్గర కారు కొన్న గణిత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ.