ఏసీ ఆన్ చేసే ముందు స్విచ్ బోర్డు విప్పించి చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను విజయవాడ గుణదలలో ఉంటాను, ఇళ్లకు ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఊళ్లో ఏ ఇంట్లో మంటలు లేచినా మీ పేపర్ జిల్లా పేజీలో వార్త వస్తుంది. షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా తేలిందన్న మాటతో ఆ వార్త అయిపోతుంది. చదివినవాళ్లు అయ్యో పాపం అనుకుంటారు, కరెంటుతో ఎప్పుడేం జరుగుతుందో ఎవరికి తెలుసులే అనుకుని పేజీ తిప్పేస్తారు. నా బాధంతా అక్కడే. బోర్డులు విప్పి చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, చాలా ఇళ్లలో ఆ మంట ఆ రోజు పుట్టింది కాదు. అంతకు చాలా ముందు నుంచీ ఏదో ఒక గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, మనమే పట్టించుకోం.

ఏసీ సరిగా పనిచేయడం లేదని పిలుస్తారు. వెళ్లి ప్లగ్ టాప్ లాగి చూస్తే ఒక పిన్ను నల్లగా మాడి ఉంటుంది, సాకెట్ రంధ్రం చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి కాస్త కరిగి ఉంటుంది. బోర్డు విప్పితే లోపల స్క్రూ వదులు, వైరు మీద తొడుగు పెళుసెక్కి వేలు తగిలితే పొడిపొడిగా రాలిపోతుంది. ఎన్నాళ్ల నుంచి వాసన వస్తోందమ్మా అని అడిగితే, "పోయిన ఎండాకాలం నుంచీ అప్పుడప్పుడూ వస్తోంది బాబూ, ఏసీ ఆపితే పోతోంది కదా అని ఊరుకున్నాం" అంటారు. ఆ బోర్డు కింద మంచం, పక్కన కర్టెన్, మంచం మీద పిల్లలు.

ఇక్కడ జనానికి తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఎంసీబీ, అంటే మెయిన్ బోర్డులో కరెంటు ఎక్కువైతే తనంతట తాను ఆగిపోయే స్విచ్, ఉంది కదా, ఏమైనా అయితే అదే పడిపోతుంది అని అందరూ ధీమాగా ఉంటారు. వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగినా, ఫేజు వైరూ న్యూట్రల్ వైరూ కలిసిపోయి షార్ట్ సర్క్యూట్ అయినా ఎంసీబీ పడుతుంది, నిజమే. కానీ లూజ్ కాంటాక్ట్ దగ్గర లోడు పెరగదు, ఏసీకి కావలసిన ఏడెనిమిది ఆంపియర్లే పోతుంటాయి, ఆ వదులైన చోట మాత్రం వేడి పుడుతూ ఉంటుంది. ఎంసీబీకి ఆ వేడి తెలియదు. మనిషి ఒళ్లు తగిలి షాక్ కొట్టినప్పుడు కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ప్రతి ఇంట్లో ఉండాల్సిందే, కానీ ఈ వేడిని అది కూడా పట్టుకోలేదు. పట్టుకోవాల్సింది మన ముక్కూ మన చెయ్యే. ప్లగ్ ముట్టుకుంటే కాలుతోందంటే, స్విచ్ వేసినప్పుడు చిటపటమంటోందంటే, ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా లైటు మినుకుమంటోందంటే, మాడు వాసన వచ్చి పోతోందంటే ఆ రోజే మెయిన్ ఆపి మనిషిని పిలిపించాలి. వచ్చేవారం చూద్దాం అనుకునే వ్యవహారం కాదు ఇది.

ఇంకొక పని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంపియర్లది పీకి 32ది పెట్టమంటారు. నేను పెట్టను అంటే ఇంకొకరిని పిలిచి పెట్టించుకుంటారు. గోడలో ఉన్నది ఒకటిన్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) సన్న వైరు, దాని మీద 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే ముందు కాలేది వైరే, ఎంసీబీ కదలదు. అది పడిపోతోందంటే పాడైందని కాదు, లోడు ఎక్కువైందని చెబుతోంది. పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజుల్లో ఫ్యూజ్ తీగ బదులు రాగి వైరు మెలిపెట్టి చుట్టేయడం కూడా ఇలాంటిదే.

సత్యనారాయణపురం, గాంధీనగర్, వన్‌టౌన్‌లో పాత ఇళ్లు ఎన్నో ఉన్నాయి. నాలుగు ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, ఒక ఫ్రిజ్ లెక్కన వైరింగ్ చేసిన ఇళ్లవి, ఇప్పుడు వాటికే రెండు ఏసీలు, గీజరు, వాషింగ్ మెషీన్, ఇండక్షన్ స్టవ్. రెండు వేల వాట్ల గీజరు ఒక్కటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, దాన్ని తీసుకెళ్లి ఆరు ఆంపియర్ల సాకెట్లో కన్వర్టర్ ప్లగ్ పెట్టి గుచ్చుతారు, లేదంటే టీవీ కోసం కొన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలిస్తారు. వైరింగ్ మార్చమంటే, అద్దెకున్నవాళ్లేమో సొంతిల్లు కాదు మేమెందుకు పెట్టాలంటారు, ఓనరేమో ఏసీ నీది నువ్వే చేయించుకో అంటాడు. నన్నడిగితే గోడలో వైరింగ్ ఓనరుదే, అద్దె తీసుకునేవాడే చేయించాలి. ఏసీకీ గీజరుకీ మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగి, లోడుకి సరిపడా వైరేసి, వేటి ఎంసీబీ వాటికి పెట్టించుకుంటే అయ్యే ఖర్చు కొత్త ఏసీ ధరలో కొంతే.

గ్యాస్ సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం గానీ, వాసన వచ్చిన క్షణంలో చేసే మొదటి పనే చాలామంది తప్పు చేస్తారు. లైటేస్తారు, లేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తారు. స్విచ్ వేసినా ఆపినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది, చీకట్లో చూస్తే కంటికే కనబడుతుంది. ఫ్రిజ్ అయితే మనం ముట్టుకోకపోయినా దానంతటదే ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, పైకి పోకుండా నేలబారున పరుచుకుని మూలల్లో నిలిచిపోతుంది. అందుకని రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, ఇంట్లోవాళ్లందరినీ తీసుకుని బయటికి వచ్చేయాలి. అపార్ట్‌మెంట్ అయితే కింద మీటర్ల దగ్గర మెయిన్ ఉంటుంది, అక్కడ కరెంటు ఆపించాలి. గ్యాస్ లీకైతే చేయాల్సిన అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయాలి, అదీ బయటికి వచ్చాకే. రబ్బరు ట్యూబు మీద తేదీ ముద్రించి ఉంటుంది, అది దాటిపోతే బాగానే కనిపిస్తోంది కదా అని వాడకండి. బాండీలో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, నీళ్లు తగిలితే మరిగే నూనె ఎగిరి మంట పైకప్పుకి అంటుతుంది. స్టవ్ కట్టేసి, మూత పెట్టేసి, చల్లారేదాకా తీయకుండా ఉంటే చాలు.

ఎలక్ట్రిక్ స్కూటర్ల గురించి కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో మన సూర్యారావుపేటలోనే పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఒకాయన ప్రాణం పోయింది, భార్యాపిల్లలు గాయపడ్డారు. అయినా ఇప్పటికీ బ్యాటరీ తీసి హాల్లోకి తెచ్చి, రాత్రి చార్జింగ్ పెట్టి పడుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి మానేయండి. మనిషి మెలకువగా ఉన్నప్పుడు, కంపెనీ ఇచ్చిన చార్జర్‌తోనే పెట్టండి, పడకగదిలోనూ గుమ్మానికి అడ్డంగానూ వద్దే వద్దు. అపార్ట్‌మెంట్లలో అయితే మెట్ల కింద చార్జింగ్ పెడుతున్నారు. అక్కడ అంటుకుంటే పొగంతా మెట్ల మీదుగా పైకి వస్తుంది, దిగడానికి ఉన్న దారి అదొక్కటే.

దారి అంటే గుర్తొచ్చింది, అసలు నాచేత ఈ ఉత్తరం రాయించింది గ్రిల్స్ సంగతే. దొంగల భయంతో మనవాళ్లు బాల్కనీలకీ కిటికీలకీ ఇనప గ్రిల్స్ నిండుగా బిగిస్తున్నారు, గుమ్మం బయట మళ్లీ ఇంకో ఇనప గేటు, రాత్రి లోపల నుంచి తాళం, తాళంచెవి ఎక్కడో బీరువా మీదో దిండు కిందో. పొగ కమ్మిన చీకట్లో, దగ్గొస్తూ కళ్లు మండుతుంటే ఆ తాళంచెవి ఎవరు వెతుకుతారు? ఇంటి మంటల్లో మనిషిని ముందు పడగొట్టేది చాలాసార్లు పొగే, రెండు మూడు గుక్కలు గట్టిగా పీలిస్తే తల తిరిగిపోతుంది. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున ఏలూరు రోడ్డులో కోవిడ్ సెంటర్‌గా నడిపిన హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయారు, ప్రాణభయంతో కిటికీల్లోంచి దూకినవాళ్లున్నారు. అదే కిటికీలకి గ్రిల్స్ ఉన్న ఇల్లయితే దూకడానికి కూడా ఉండదు. గ్రిల్ వద్దనడం లేదు, దొంగల భయం నిజమే. బాల్కనీ గ్రిల్‌లో మనిషి పట్టేంత చిన్న తలుపు పెట్టించుకోండి, తాళంచెవి బయటవాళ్లకి అందకుండా పక్క గోడకి మేకు కొట్టి తగిలించండి, ఇంట్లో చిన్నపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ చూపించండి. గుమ్మం గేటుది కూడా అంతే. మెట్ల మీద పొగ నిండిపోతే దిగబోవద్దు, లిఫ్ట్ అసలు ఎక్కొద్దు. తలుపేసుకుని, సందుల్లో తడి బట్టలు కుక్కి, బాల్కనీలోకి వచ్చి కేకలేయాలి. పొగలో నడవక తప్పకపోతే వంగి నేలకి దగ్గరగా కదలాలి, ఊపిరాడే గాలి కిందే ఉంటుంది.

వన్‌టౌన్ సందుల్లోకి, చిట్టినగర్ వైపు, మొగల్రాజపురం కొండ మీద మెట్లదారి ఇళ్లకి ఫైరింజన్ ఎక్కడం కుదరదు. అక్కడివాళ్లకి ముందు జాగ్రత్తే దిక్కు. ఆ ఇళ్లలో చాలామందికి వైరింగ్ చేయించుకునే స్తోమతు లేదు, అందుకే కార్పొరేషన్ వాళ్లు, కరెంటు ఆఫీసు వాళ్లు కలిసి ఆ వీధుల్లో ఇళ్లకి ఉచితంగా చెకింగ్ పెట్టాలని కోరుతున్నాను. పిలిస్తే నాలాంటి పనివాళ్లం ఆదివారాలు వచ్చి చేస్తాం.

ఎడిటర్ గారూ, 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలిపోయి ఎంతోమంది ఫైర్ సిబ్బంది చనిపోయారు, వాళ్లని తలుచుకుంటూ ఏటా 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. ఆ వారం మీ పేపర్ ర్యాలీ ఫొటోతో సరిపెట్టకుండా ఒక పేజీ ఇళ్ల వైరింగ్‌కీ గ్రిల్స్‌కీ కేటాయించండి. ఇకమీదట అగ్నిప్రమాదం వార్త రాసేటప్పుడు ఏ వస్తువు దగ్గర మొదలైంది, దానికి వేసిన వైరెంత, ఎంసీబీ ఎంతది, అంతకుముందు వాసన గానీ స్పార్క్ గానీ వచ్చాయా, లోపలివాళ్లు ఎటునుంచి బయటపడ్డారు అని మీ విలేకరులు అడిగి రాయాలి. ఆ వార్త కింద ఫైర్ స్టేషన్ 101, గ్యాస్ 1906 నంబర్లు కూడా వేయండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్,
గుణదల, విజయవాడ